వాయించవద్దన్న స్వరకర్త: కైఖుస్రో సొరాబ్జీ

1930 డిసెంబరు 1 రాత్రి స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఒక చిన్న సంగీత సంఘం పియానో కచేరీ పెట్టింది. సంఘం పేరు మాత్రం పెద్దది, సమకాలీన సంగీత ప్రచార క్రియాశీల సంఘం. దాన్ని నడిపినవాడు ఎరిక్ చిజమ్ అనే యువ స్వరకర్త. పియానో ముందు కూర్చున్న వ్యక్తి వయసు 38. తండ్రి బొంబాయి పార్సీ, తల్లి ఆంగ్లేయురాలు. ఆ రాత్రి ఆయన వాయించింది ఒకే ఒక్క రచన, అదీ తన సొంతం. పేరు ఓపస్ క్లావిచెంబాలిస్టికమ్. నిడివి నాలుగు గంటలకు అటూ ఇటూ. మరుసటి ఏడాది అచ్చయినప్పుడు దాని స్వరలిపి 252 పేజీలు వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైన పియానో రచనగా గిన్నిస్ పుస్తకం దాన్నే చెప్పుకుంటూ వచ్చింది.

కైఖుస్రో షాపూర్జీ సొరాబ్జీ పేరు మన దేశంలో సంగీతం తెలిసినవాళ్లకు కూడా పెద్దగా తెలియదు. పియానోవాళ్లకు మాత్రం బాగా తెలుసు, అయితే ఒక భయంలా. ఏ ఆధునిక రచన ఎంత కష్టం అన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఆయన దగ్గరికే చేరుతుంది. ఆయన జీవితంలోని అసలు మలుపు కూడా ఆ ప్రశ్న చుట్టూనే ఉంది. ఒక రచనను చేతికి తీసుకునే ముందు అది ఎంత కష్టమో ఒక పియానిస్టు తప్పుగా అంచనా వేశాడు. ఆ తప్పు తర్వాత ఒక స్వరకర్త సంగీతం నలభై ఏళ్ల పాటు సభల నుంచి మాయమైంది.

సొరాబ్జీ 1892 ఆగస్టు 14న లండన్ శివారు చింగ్‌ఫర్డ్‌లో పుట్టాడు. ఇంట్లో పెట్టిన పేరు లియోన్ డడ్లీ. తండ్రి షాపూర్జీ సివిల్ ఇంజనీరు, వ్యాపారి. డబ్బుకు లోటు లేదు కానీ ఆ ఇంట్లో తండ్రి ఉన్న కాలం తక్కువ. కొడుకు పెరిగింది తల్లి మాడలిన్ చెంతనే. ఇరవై దాటాక ఆయన పార్సీ సమాజంలో చేరి లియోన్ పేరు వదిలేశాడు, కైఖుస్రో అయ్యాడు. తల్లి స్పానిష్, సిసిలియన్ మూలాలున్న మనిషి అని జీవితాంతం చెప్పుకున్నాడు. పరిశోధకులు పుట్టుక దస్తావేజులు తిరగేస్తే ఆమె ఆంగ్లేయురాలని తేలింది. తాను మాత్రం ఆంగ్లేయుణ్ణి కాదని ఎవరు అడిగినా, అడగకపోయినా చెప్పేవాడు. రంగు, పేరు చూసి వెక్కిరించే ఇంగ్లండ్‌లో పెరిగినవాడు ఆ దేశాన్ని సొంతం అనుకోకపోవడంలో వింత లేదు. అలాగని భారతదేశమూ ఆయనకు సొంతం కాలేదు. 1932లో తండ్రి చనిపోయాక ఆస్తి వ్యవహారాల కోసం ఇక్కడికి వచ్చాడు గానీ, ఆ ప్రయాణాలు ఆయనలో మమకారం పెంచలేదు.

సంగీత కళాశాల గడప ఆయన తొక్కలేదు. ప్రైవేటుగా ఒకరిద్దరు గురువుల దగ్గర నేర్చుకున్నాడు, మిగతాదంతా స్వరలిపులు చదివి సంపాదించుకున్నదే. ఇంగ్లండ్‌లో చాలామంది పట్టించుకోని స్క్రియాబిన్, రావెల్, షోన్‌బెర్గ్‌లను పుస్తకాలు తెప్పించుకుని చదివిన కుర్రవాడు. స్వరరచన మొదలుపెట్టింది కూడా ఆలస్యంగా, ఇరవై రెండేళ్ల ప్రాంతంలో. 1919లో లండన్ వచ్చిన ఫెరూచ్చో బుసోనీని కలిసి తన మొదటి పియానో సొనాటా వాయించి వినిపించాడు. అప్పటికి యూరప్‌లో పియానో తెలిసినవాళ్లలో బుసోనీ మొదటి వరసలోని మనిషి. ఆయనకు ఆ సంగీతం కొంత అయోమయంగానే అనిపించింది. అయినా సిఫారసు లేఖ రాసిచ్చాడు. 1921 నుంచి పదేళ్ల పాటు సొరాబ్జీ రచనలు ఒక్కొక్కటిగా అచ్చవుతూ వచ్చాయి.

ఆ అచ్చు పుస్తకం తెరిచిన పియానిస్టుకు మొదట కనిపించేది ఏమిటి?

పియానో స్వరలిపి మామూలుగా రెండు వరసల్లో ఉంటుంది. ఒక్కో వరసకు ఐదు గీతలు, పైది కుడిచేతికి, కిందిది ఎడమచేతికి. సొరాబ్జీకి రెండు వరసలు చాలేవి కావు. మూడు, నాలుగు, ఒక్కోచోట ఐదు వరసలు ఒకదాని కింద ఒకటి పేర్చుతాడు. వాయించే చేతులు మాత్రం రెండే. తాళం లెక్కకు ఆసరాగా ఉండే నిలువు గీతలు చాలా పేజీల్లో దాదాపు ఉండవు. ఏ శ్రుతిలో ఉన్నామో చెప్పే గుర్తులు ముందు ఇవ్వడు. ప్రతి స్వరం పక్కనా దాని హెచ్చుతగ్గుల గుర్తు విడిగా ఉంటుంది. ఒక చేతిలో ఐదు స్వరాలు నడిచే వ్యవధిలో ఇంకో చేతిలో ఏడో తొమ్మిదో నడవాలి. ఎంత వేగం, ఎంత మెల్లన అన్నది చాలాచోట్ల వాయించేవాడి విచక్షణకే వదిలేస్తాడు.

హైదరాబాద్‌లో పిల్లలకు పియానో నేర్పించే తల్లిదండ్రులకు గ్రేడ్ల సంగతి తెలుసు. లండన్ సంస్థలు పెట్టే పరీక్షలు ఒకటి నుంచి ఎనిమిది వరకు మెట్లు కట్టి ఉంటాయి. ఏ పాట ఏ మెట్టుదో పుస్తకమే చెబుతుంది. ఆధునిక సంగీతంలోనూ అలాంటి మెట్లు కట్టినవాడు ఉన్నాడు. సొరాబ్జీకి పదకొండేళ్లు పెద్దవాడైన హంగరీ స్వరకర్త బేలా బార్టోక్ 153 చిన్న రచనలను ఆరు సంపుటాల్లో సులువు నుంచి కష్టానికి వరస పెట్టి 1940లో మైక్రోకాస్మోస్ పేరిట అచ్చువేశాడు. కానీ ఈ మెట్లు ఒక స్థాయి వరకే పనికొస్తాయి. ఆ పైన ఎవరూ వాయించని, ఎవరూ రికార్డు చేయని కొత్త రచన చేతికొస్తే దాని కష్టాన్ని కళ్లతోనే తూచాలి. చెవికి ఏ సాయమూ ఉండదు. షొపాన్ రచన అయితే పది మంది వాయించింది విని ఉంటాం. చేతికి రాకముందే అది చెవిలో ఉంటుంది. 1931లో సొరాబ్జీ పుస్తకం కొన్నవాడికి అలా వినే వీలు లేదు.

కళ్లు చేసే మొదటి మోసం నలుపు. పేజీ ఎంత నల్లగా ఉంటే అంత కష్టం అనిపిస్తుంది. నిజానికి దట్టంగా కనిపించే పేజీల్లో చాలావరకు చేతికి అలవాటైన నమూనాలే ఉంటాయి. మీట్ల మీద అటూ ఇటూ పరుగెత్తే స్వరాల గుంపులు ఒకసారి వేళ్లలో కూర్చున్నాక చేయి తనంతట తానే పోతుంది. భయపడాల్సింది తెల్లగా, విశాలంగా కనిపించే పేజీలకు. ఫ్యూగ్ అనే రూపంలో ఒకే చిన్న స్వరపంక్తి నాలుగైదు గొంతుల్లో ఒకదాని వెనక ఒకటి ప్రవేశిస్తుంది. పేజీ మీద స్వరాలు తక్కువే. కానీ ప్రతి గొంతూ విడిగా వినిపించాలి, ఒకే చేతిలో రెండు గొంతులుంటే వేళ్లు వేర్వేరు బలంతో కదలాలి, ఇది పావుగంట, అరగంట తెగకుండా సాగాలి. ఓపస్ క్లావిచెంబాలిస్టికమ్‌లో అలాంటి ఫ్యూగ్‌లు నాలుగున్నాయి: మొదటిది ఒక పంక్తితో, రెండోది రెండింటితో, అలా నాలుగోది నాలుగు పంక్తులతో. వాటి మధ్యలో ఒకచోట 49 వైవిధ్యాలు, మరోచోట ఒక పునాది పంక్తి మీద 81 వైవిధ్యాలు. బుసోనీ రాసిన ఫాంటాసియా కాంట్రాపుంటిస్టికా దీనికి మాదిరి. మొత్తం పన్నెండు అంకాలు, మూడు భాగాలు.

ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. 252 పేజీలు, నాలుగు గంటలు. సగటున పేజీకి నిమిషం కూడా రాదు. వారానికి ఒక పేజీ పూర్తిగా పట్టుబడుతుందనుకుంటే చివరి పేజీ చేరేసరికి ఐదేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. ఈలోగా మొదటి పేజీలు మరిచిపోకుండా ఉండాలి. కష్టం ఎంతో తేల్చుకోవాలనుకున్న పియానిస్టు మొదటి పేజీ తీసి వాయించి చూడటం సహజమైన అలవాటే, కానీ మోసపోయేదీ అక్కడే. మధ్యలోంచి ఫ్యూగ్ పేజీ ఒకటి, కేడెంజా పేజీ ఒకటి, చివరి పేజీల్లో ఒకటి తీసి, ఉండాల్సిన వేగంలో సగానికైనా అవి ఎన్నాళ్లకు వస్తాయో చూసుకోవాలి. ఆ రోజులను పేజీలతో గుణించాలి. గుణించాక చాలామంది పుస్తకం మూసేస్తారు, అదే మర్యాద.

జాన్ టోబిన్ మూయలేదు. 1936 మార్చి 10న లండన్‌లో ఆయన ఓపస్ క్లావిచెంబాలిస్టికమ్‌లోని మొదటి భాగాన్ని, అంటే పన్నెండు అంకాల్లో ఐదింటిని వాయించాడు. పెట్టాల్సిన సమయానికి దాదాపు రెట్టింపు పట్టింది. మెల్లగా నడవాల్సినది ఇంకా మెల్లగా నడిస్తే ఎవరైనా సర్దుకుంటారు, పరుగెత్తాల్సిన సంగీతం పాకితే అది మరో రచన అయిపోతుంది. విమర్శకులు పత్రికల్లో దుమ్మెత్తిపోశారు, అదీ వాయించినవాణ్ణి కాదు, రాసినవాణ్ణి. ఆ సభకు వెళ్లిన సొరాబ్జీ మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు.

టోబిన్ మీద జాలి పడకుండా ఉండలేం. అంత పని తలకెత్తుకునే ధైర్యం అప్పటికి ఇంకెవరూ చేయలేదు. ఆయన తప్పు చేతుల్లో కంటే ముందు లెక్కలో జరిగింది. ఎన్ని నెలలు కావాలో అన్ని నెలలు లేకుండానే సభకు తేదీ ఖాయమైపోయినట్టు కనిపిస్తుంది. అయితే సొరాబ్జీ స్పందన ఆ తప్పును మించిపోయింది. అదే ఏడాది డిసెంబరు 16న గ్లాస్గోలో తన రెండో టొకాటా వాయించి సభల నుంచి తానూ తప్పుకున్నాడు. తన అనుమతి లేకుండా తన రచనలను ఎవరూ బహిరంగంగా వాయించరాదని ప్రకటించాడు. అనుమతి అడిగినవాళ్లకు ఇవ్వలేదు. నాసిరకం కచేరీ కంటే అసలు కచేరీ లేకపోవడమే మేలన్నది ఆయన వాదం. చట్టరీత్యా అది ఎంత నిలిచేదో చెప్పలేం గానీ, పియానిస్టులు గౌరవించారు. అందులో భయం పాలు కూడా ఉండి ఉంటుంది.

ఆ వాదంలో న్యాయం లేకపోలేదు. చెడ్డ అనువాదం చదివి మూల రచయితను కొట్టిపారేసే పాఠకుల్లాగే చెడ్డ కచేరీ విని స్వరకర్తను కొట్టిపారేసేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు. కానీ నిషేధం వల్ల జరిగింది మరొకటి. కష్టం అనేది నలుగురు ప్రయత్నించి, ఇద్దరు విఫలమై, మూడోవాడు ఒక వేలి సంచారం కనిపెట్టి, నాలుగోవాడు దాన్ని వాడుకుంటేనే తగ్గుతుంది. బీతోవెన్ హామర్‌క్లావియర్ సొనాటాను మొదట్లో వాయించలేని రచనగా చూశారు. ఈరోజు దాన్ని పోటీల్లో కుర్రవాళ్లు వాయిస్తున్నారు. తలుపు మూసిన రచనకు ఆ అవకాశం ఉండదు. నలభై ఏళ్ల పాటు సొరాబ్జీ రచనలను ఎవరూ కొలవలేదు, పుకార్లు మాత్రం పెరిగాయి.

ఈలోగా ఆయన రాస్తూనే ఉన్నాడు. తండ్రి వదిలిన ఆస్తి మీద ఆదాయం వచ్చేది, ఎవరినీ మెప్పించాల్సిన అవసరం లేదు. లండన్ వదిలి డోర్సెట్‌లోని కోర్ఫ్ కాసిల్ అనే పల్లె చేరాడు. వచ్చేవాళ్లను రావద్దని చెప్పే బోర్డు ఇంటి ముందు పెట్టాడు. 1945 దాకా పత్రికల్లో సంగీత విమర్శ రాసి, తర్వాత అదీ మానేశాడు. 1938, 39 సంవత్సరాల్లో రాసిన తాంత్రిక సింఫనీ ఏకైక పియానో కోసం రాసింది, 284 పేజీలు. దాని ఏడు భాగాల పేర్లు మనకు పరిచయమైనవే: మూలాధారం, స్వాధిష్ఠానం, మణిపూరం, అనాహతం, విశుద్ధం, ఆజ్ఞ, సహస్రారం. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి జాన్ వుడ్రాఫ్ పుస్తకాల వల్ల ఆ రోజుల్లో ఈ చక్రాల గురించి యూరప్‌లో కొందరికి తెలుసు. దీక్షితార్ కీర్తనలు విన్నవాళ్లు సొరాబ్జీ రచనలో రాగాల జాడ వెతికితే నిరాశ తప్పదు. ఆయన అక్కడ తీసుకున్నది ఏడు మెట్లు ఎక్కే ఊహను. 1940లో పారశీక కవి సాదీ గ్రంథం పేరుతో గులిస్తాన్ అనే రాత్రిగీతం రాశాడు. అరగంటకు పైగా సాగే ఆ రచన చాలావరకు మెత్తగా, నెమ్మదిగా నడుస్తుంది. వినేవాడికి ఇది సులువనిపించవచ్చు. పది వేళ్లూ ఒకేసారి నాలుగైదు పొరలు పరుస్తూ, దేన్నీ గట్టిగా తాకకుండా, పైన సన్నటి పంక్తి తెగకుండా నడపడం పరుగుపందెం కంటే కష్టమని అందులోకి దిగాకే తెలుస్తుంది.

ఆ తర్వాతి పనులు ఇంకా పెద్దవి. నూరు ఎట్యూడ్‌లు 1940 నుంచి 44 వరకు. 27 వైవిధ్యాలతో ఎనిమిది గంటలు సాగే సెక్వెన్షియా సైక్లికా 1948, 49ల్లో. జీవితకాలంలో మొత్తం 11 వేల పేజీలకు పైగా సంగీతం. వేగంగా రాసేవాడు, వెనక్కి తిరిగి దిద్దుకునేవాడు కాదు. అందుకే రాతప్రతుల్లో తప్పులు కొల్లలు. హెచ్చుతగ్గుల గుర్తులు మరిచిపోయిన స్వరాలు, ఏ గొంతుకు చెందినవో తెలియని స్వరాలు. పియానిస్టుకు ఇది మరో కష్టం, పైకి కనిపించనిది. వింతగా వినిపిస్తున్న స్వరం ఆధునికత వల్ల వింతా, లేక కలం జారడం వల్ల వింతా? ఒక్క స్వరం తేల్చడానికి ఒక సాయంత్రం పోతుంది. సాధన లెక్కలో ఈ సాయంత్రాలు ఎవరూ కలపరు.

1950ల నుంచి కొందరు అభిమానులు పట్టు వదలకుండా వెంటపడ్డారు. ఫిలడెల్ఫియాలో ఉన్న నార్మన్ జెంటియూ రాతప్రతులను మైక్రోఫిల్ము చేయించాడు. ఫ్రాంక్ హాలిడే పూనికతో 1960ల్లో సొరాబ్జీ తన ఇంట్లో పియానో ముందు కూర్చుని గంటల కొద్దీ రికార్డు చేయడానికి ఒప్పుకున్నాడు. ఆ రికార్డింగులు వింటూ స్వరలిపి పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఒక సంగతి తెలిసింది. రాసినవాడే రాసినది రాసినట్టు వాయించడం లేదు. వేగాలు మారిపోతున్నాయి, స్వరాలు కొన్నిచోట్ల వేరే. తాను వృత్తి పియానిస్టును కానని ఆయనే అనేవాడు. అచ్చులో ఉన్నది ఒక ఆదర్శం, చేతుల్లో ఉన్నది దాని నీడ అనుకోవాలి. పరాయివాడి నీడను మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

నిషేధం సడలింది 1976లో. దక్షిణాఫ్రికాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ యోంటీ సాలమన్‌కు అనుమతి దొరికింది. ఆ డిసెంబరులో విగ్‌మోర్ హాల్లో ఆయన సొరాబ్జీని వాయించాడు. అమెరికాలో మైకేల్ హేబర్‌మన్‌కు కూడా అనుమతి వచ్చింది. ఈ మార్పు వెనక స్కాటిష్ స్వరకర్త అలిస్టెయిర్ హింటన్ స్నేహం ఉంది. అప్పటికి సొరాబ్జీ వయసు 84. రాయడం మానేసి ఉన్నవాడు, తన సంగీతం మీద ఆసక్తి మళ్లీ మొలకెత్తడం చూసి కలం పట్టాడు.

ఓపస్ క్లావిచెంబాలిస్టికమ్ మొత్తాన్ని సొరాబ్జీ తర్వాత సభలో వాయించిన మొదటివాడు ఆస్ట్రేలియన్ జెఫ్రీ డగ్లస్ మాడ్జ్. 1982 జూన్ 11, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్. మొదటిసారికీ రెండోసారికీ మధ్య 52 ఏళ్లు. ఇంగ్లండ్‌లో ఆ పని జాన్ ఆగ్డన్ చేశాడు. 1962లో మాస్కో చైకోవ్‌స్కీ పోటీలో అష్కెనాజీతో కలిసి మొదటి బహుమతి పంచుకున్నవాడు, ఎలాంటి స్వరలిపినైనా చూడగానే వాయించగలడని పేరున్నవాడు. యువకుడిగా ఉండగానే స్నేహితుల మధ్య ఈ రచనను వాయించి చూశాడు. తర్వాత తీవ్రమైన మానసిక అనారోగ్యం ఆయన జీవితాన్ని కుదిపేసింది. అయినా ఆ పుస్తకాన్ని వదల్లేదు. 1980ల మధ్యలో రికార్డు చేశాడు, 1988 జూలైలో లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్లో వాయించాడు. అంత చదివే శక్తి ఉన్నవాడికే అన్నేళ్లు పట్టిందంటే 1936 నాటి టోబిన్ ఏం ఎదుర్కొన్నాడో ఊహించవచ్చు.

ఆ సభకు సొరాబ్జీ వెళ్లే స్థితిలో లేడు. కోర్ఫ్ కాసిల్‌లో ఏళ్ల తరబడి తోడున్న రెజినాల్డ్ బెస్ట్ ఆ ఏడాది మొదట్లోనే పోయాడు. సొరాబ్జీకి పక్షవాతం వచ్చి డోర్సెట్‌లో వృద్ధుల సంరక్షణలో ఉన్నాడు. అక్టోబరు 15న కన్నుమూశాడు, వయసు 96. మరుసటి ఆగస్టులో ఆగ్డన్ కూడా పోయాడు.

హింటన్ సొరాబ్జీ ఆర్కైవ్ పేరిట రాతప్రతులన్నీ ఒకచోట చేర్చి, అడిగినవాళ్లకు నకళ్లు పంపుతూ వచ్చాడు. కొన్నిటిని వాయించేవాళ్లే కూర్చుని తప్పులు దిద్ది కొత్తగా అక్షరబద్ధం చేశారు. స్వీడన్‌కు చెందిన ఫ్రెడ్రిక్ ఉలెన్, మెదడు మీద పరిశోధనలు చేసే శాస్త్రవేత్త కూడా, నూరు ఎట్యూడ్‌లనూ ఒక్కటి వదలకుండా రికార్డు చేశాడు. ఇంగ్లండ్‌లో జొనాథన్ పవెల్ సెక్వెన్షియా సైక్లికాను ఏడు డిస్కుల మీద 2020లో వెలువరించాడు. ఇప్పుడు సొరాబ్జీని నేర్చుకోవాలా వద్దా అని తూచుకునే పియానిస్టుకు దిద్దిన స్వరలిపి ఉంది, పోల్చి వినడానికి రికార్డింగులున్నాయి. ఓపస్ క్లావిచెంబాలిస్టికమ్‌కైతే మాడ్జ్‌వీ, ఆగ్డన్‌వీ ఉన్నాయి: మాడ్జ్ దాన్ని దాదాపు నాలుగు గంటల్లో ముగిస్తాడు, ఆగ్డన్‌కు ఇంకో ముప్పావు గంట దాకా ఎక్కువ పడుతుంది.